టిక్కెట్ల కిటికీకి అవతల

ఇరవై ఆరేళ్ళుగా
లిప్సీ రేవులో టిక్కెట్లు చించి ఇస్తున్నాను.
ఆర్కీకి ఎంతసేపు? ముప్పావుగంట.
మారాథిలో నీడ ఉంటుందా?
ఉంటుంది, టోపీ మరవకండి.
ఒడ్డున కూర్చుని లోతు చెప్పడంలో
నా తర్వాతే ఎవరైనా.

ఈ మంగళవారం సెలవు పెట్టి
థియొలోగోస్ దగ్గర పడవ అద్దెకడిగితే
"థెమెలీనా, నువ్వా?" అని నవ్వి
చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు:
ఇలా తిప్పితే ముందుకి, ఇలా అయితే వెనక్కి,
మధ్యలో ఉంచావో, ఎటూ కాదు.
మా తమ్ముణ్ణి తోడు పంపనా?
వద్దన్నాను.
ప్లాస్టిక్ తొడుగేసిన పటం మీద
మూడు చోట్ల ఇంటూ గుర్తులు పెట్టాడు. బండలు.
మధ్యాహ్నం దాటాక మెల్తెమి లేస్తుంది,
ఉత్తరపు గాలి, దానికి చుట్టరికాలు తెలీవు,
మూడింటికల్లా వచ్చేయి.

రొట్టె, రెండు టమాటాలు, మేక జున్ను,
నాన్న వాడిన చాకు.
మోకు విప్పగానే
రేవు వెనక్కి జరిగింది.
నేను కదల్లేదు, ఒట్టు.

మొదటి దీవికి పేరుంది గానీ మనుషుల్లేరు.
కొండ అంచున ఒక మేక నిలబడి
కస్టమ్స్ అధికారిలా చూసింది.
లంగరు వేశాను.
సరిగ్గానే వేశాననుకున్నాను.
సగం టమాటా తినేసరికి
మేక ఎడమపక్కకి వెళ్ళిపోయింది.
దాని వెంటే కొండ కూడా వెళ్ళింది.
అప్పుడర్థమైంది వెళ్తున్నది ఎవరో.
గబగబా మోకు లాగితే అరచేయి ఒరుసుకుపోయింది.
లంగరు కొనకి గుప్పెడు నాచు,
నాచులో ఎవరో పిల్లల చెప్పు.
మళ్ళీ నీళ్ళలో పారెయ్యబుద్ధి కాలేదు.

ఆర్కీలో
సకెల్లారిస్ అనే ముసలాయన కాఫీ పోశాడు.
ఏ ఊరమ్మా?
అదిగో, అని చెయ్యి చాచాను.
చాచాక నేనే వెతుక్కోవలసి వచ్చింది.
రేవేది, చర్చి నీలి గుమ్మటమేది,
నా కిటికీ ఏది?
ఎండలో పెట్టి మరిచిపోయిన రొట్టెముక్కలా
ఏదో గోధుమరంగు దిబ్బ.
ఆయన కళ్ళు చికిలించి చూశాడు.
"ఓ, లిప్సీనా. మా ఆవిడది అక్కడే.
పెళ్ళయ్యాక రెండుసార్లు వెళ్ళింది."
అంత దూరమా అన్నాను.
"దూరమేం కాదు. పని పడలేదు."
కాఫీకి డబ్బు తీసుకోలేదు.
చెప్పు తిప్పి చూసి
మా మనవరాలిది ఇంకా చిన్నది, అన్నాడు.

మారాథి దారిలో ఇంజను ఆపాను.
ఆగిపోలేదు, ఆపాను.
థియొలోగోస్ అడిగినా ఇదే చెబుతాను.
ఆపితే నిశ్శబ్దం వస్తుందనుకున్నాను.
రాలేదు.
పడవ అడుగున నీళ్ళు
పిల్లి పాలు తాగుతున్నట్టు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.
అటు మూడు దీవులు, ఇటు రెండు,
ఎవరూ నన్నేమీ అడగడం లేదు.
జున్ను తిన్నాను. కాళ్ళు చాపుకున్నాను.
పన్నెండున్నర స్టీమరు దూరంగా పోతూ ఉంటే
పై అంతస్తు నుంచి ఎవరో చెయ్యి ఊపారు,
జాలరిదాన్ననుకుని కాబోలు.
నేనూ ఊపాను.
కాసేపటికి వాళ్ళ అల వచ్చి
నా ఒళ్ళో కూర్చుంది.

మెల్తెమి చెప్పినదానికంటే ముందే వచ్చింది.
సముద్రం మీద ఒక్కసారిగా తెల్లటి పళ్ళు.
ఇంజను తాడు ఆరుసార్లు లాగాను,
ఐదుసార్లు దేవుణ్ణి తలుచుకున్నాను,
ఆరోసారి థియొలోగోస్‌ని తిట్టాను.
అందుకుంది.
నోట్లో ఉప్పు, కళ్ళలో ఉప్పు,
పటం ఎక్కడో కాళ్ళకింద తేలుతోంది.
ఇంటూ గుర్తుల్లో ఒకదాన్ని మాత్రం
ఎక్కడుందో గట్టిగానే తెలుసుకున్నాను.

పంకా రెక్క మీద వేలు పెట్టి రాసి
"ఇరవై యూరోలు" అన్నాడు థియొలోగోస్.
ఇచ్చాను.
ఇంతకీ మారాథి ఎలా ఉంది?
నీడ ఉంటుంది, అన్నాను,
టోపీ మరవకు.

చెప్పు టిక్కెట్ల కిటికీ గట్టు మీద పెట్టాను.
ఎడమకాలిది.
పొద్దున్నుంచి చిల్లర లెక్కపెట్టినప్పుడల్లా
అరచేయి మండుతోంది.